సిస్టమ్ హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ర్యామ్ చూడండి: నా అనుభవం

కొత్త ర్యామ్ పెట్టాక, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే సాఫ్ట్‌వేర్ నాలుగు పాస్‌లూ (విడతలూ) పూర్తి చేసి ఎర్రర్లు సున్నా అని చూపించింది. ఇన్నాళ్ల టెన్షన్ తీరింది కానీ, పాడైన పాత ర్యామ్ పట్టుకెళ్తే నన్ను చులకన చేసిన సర్వీస్ సెంటర్ మీద కోపం మాత్రం తీరలేదు. ఆ కోపం ఉండగానే రాసేస్తే ఇంట్లో సొంతంగా సిస్టమ్ బిగించుకున్నవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, పనికొస్తుందని రాస్తున్నాను.

మాది ఖమ్మం. మా ఆయన పెళ్లిళ్లకి ఫొటోలు, వీడియోలు తీస్తారు. ఆల్బమ్ డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ నా పని. సిస్టమ్ నేనే అసెంబుల్ చేసుకున్నాను. రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, బీ550 బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్4 ర్యాములు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). సామానంతా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, ప్రతి పార్టుకీ విడిగా బిల్లు రాయించుకుని తెచ్చాను. ప్రాసెసర్ మీద పేస్టు రాయడం దగ్గర్నుంచి క్యాబినెట్ వెనక వైర్లు సర్ది కట్టడం దాకా ఇంకొకరి చెయ్యి పడలేదు. మొదటిసారి బటన్ నొక్కగానే డిస్‌ప్లే వచ్చింది. ఇది గర్వంగానే చెప్పుకుంటాను.

కొన్ని నెలలు చక్కగా నడిచింది. ఎండలు ముదిరేసరికి మొదలైంది అసలు గొడవ. వైశాఖ ముహూర్తాల పని మీద పడి ఉంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే సగంలో బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయి వచ్చే నీలం తెర). ఒక్కోసారి అది కూడా రాకుండా తెర మీద బొమ్మ ఎక్కడిదక్కడే బిగుసుకుపోయేది. అలాంటప్పుడు ఒక పని చెయ్యండి. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి దాని లైటు ఆరుతోందో లేదో చూడండి. లైటు మారుతుంటే సిస్టమ్ ప్రాణంతోనే ఉంది, ఇరుక్కున్నది సాఫ్ట్‌వేర్. లైటు కదలకపోతే మొత్తం మిషనే ఆగిపోయింది. నాది కదల్లేదు.

మా వీధి చివర సిస్టమ్స్ రిపేర్ చేసే అబ్బాయిని పిలిచాను. "వైరస్ అక్కా, ఫార్మాట్ కొడితే సెట్ అయిపోద్ది" అన్నాడు. విండోస్ మళ్లీ ఎక్కిస్తుంటే ఆ ఎక్కించడంలోనే బ్లూ స్క్రీన్ వచ్చింది. ఖాళీ చేసిన డిస్కు మీద ఏ వైరస్ ఉంటుంది? అయినా ఎలాగో ఎక్కించాడు. మర్నాడు మళ్లీ ఆగితే, సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, "కెర్నల్ పవర్ 41 అని ఉందక్కా, ఎస్‌ఎంపీఎస్ పోయింది" అన్నాడు. ఈ 41 చూపించి ఎన్ని ఇళ్లల్లో మంచి ఎస్‌ఎంపీఎస్‌లు మార్పిస్తున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగి మళ్లీ ఆన్ అయిందని మాత్రమే దానర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. హ్యాంగ్ అయినప్పుడు మనమే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే 41 పడుతుంది. అయితే ఆ అబ్బాయి మనసు మంచిది. తన షాపులోది 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తెచ్చి రెండు రోజులు వాడుకోమని ఇచ్చాడు. దాంతో కూడా ఆగింది కాబట్టి ఆ అనుమానం డబ్బు ఖర్చు లేకుండా తీరింది.

మిగతావన్నీ తొందరగానే తేలాయి. యూపీఎస్ తీసేసి నేరుగా ప్లగ్గులో పెట్టాను, తేడా లేదు. ప్రాసెసర్ వేడి ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నా 80 డిగ్రీలు దాటలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసేసి మళ్లీ వేశాను. బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్, అదే బయోస్, అప్‌డేట్ చేశాను. ఏదీ కాదు.

దారి చూపించినవి రెండు. మొదటిది బ్లూ స్క్రీన్ మీద పడే ఎర్రర్ పేరు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌లో ప్రతి క్రాష్‌కీ ఒక ఫైలు ఉంటుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అవన్నీ వరసగా చూశాను. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. డ్రైవర్ పాడైతే సాధారణంగా తిరిగి తిరిగి అదే ఫైలు పేరు కనిపిస్తుంది. ఇలా పూటకో పేరు చెప్తోందంటే ముందు ర్యామ్‌నే అనుమానించాలి. రెండోది చూసి నాకు కాళ్లాడలేదు. కెమెరా కార్డులోంచి కాపీ చేసిన ఒక పెళ్లి ఫొటో తెరిస్తే కింది సగం బూడిద రంగులో ఉంది. అదే ఫొటో కార్డులో నిక్షేపంగా ఉంది. అంటే కాపీ అయ్యేటప్పుడు దారిలో పాడైంది. సిస్టమ్ ఆగిపోతే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ఒకరింటి పెళ్లి ఫొటోలు చడీచప్పుడు లేకుండా పాడైపోతుంటే ఏం చెయ్యాలి?

విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ అంతా బాగుందని చెప్పింది. దాన్ని నమ్మి వదిలెయ్యకండి. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే బూట్ చేసి, రాత్రంతా నడిపించాలి. నేను ముందు పొద్దున పూట పెట్టాను, మొదటి పాస్‌లో ఏమీ రాలేదు. మధ్యాహ్నం గది వేడెక్కాక ఎర్ర గీతలు మొదలయ్యాయి. ఒక్కో గీతలో ఎక్స్‌పెక్టెడ్ (ఉండాల్సింది), యాక్చువల్ (ఉన్నది) అని రెండు సంఖ్యలు ఉంటాయి, అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలతో. ఎనిమిది ఎఫ్‌లు ఉండాల్సిన చోట ఆరో అక్షరం ఎఫ్‌కి బదులు బి. తర్వాతి ఎర్రర్లోనూ ఆరో అక్షరమే, మళ్లీ బి. ఆ లెక్కలో ఎఫ్ అంటే 1111, బి అంటే 1011. అంటే ఒకే ఒక్క బిట్, ఒకటి ఉండాల్సింది సున్నా అయిపోతోంది.

వేడెక్కాకే ఎందుకొస్తుందో తెలుసుకుంటే సర్వీస్ సెంటర్‌లో వాదించడానికి పనికొస్తుంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో ఉండే చార్జి. ఆ కెపాసిటర్‌ని ఒక అర అనుకోండి. అడుగున సన్నని చిల్లి ఉన్న కుండలా అది కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4లో మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి అరనీ మళ్లీ నింపుతారు. చిప్ 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లలోపే నింపాలని నియమం. వేడి పెరిగే కొద్దీ కారడం ఎక్కువవుతుంది. బలహీనంగా ఉన్న అర చల్లగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తుంది, వేడెక్కితే నింపేలోపే ఖాళీ అవుతుంది. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్ ఇలాంటి ఒక్క బిట్ తప్పుని పట్టుకుని అక్కడే సరిచేస్తుంది. మన ఇళ్లల్లో వాడే మామూలు డీడీఆర్4 ర్యాములకి ఆ రక్షణ లేదు.

తర్వాత ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి చూశాను. ఒకటి ఏ స్లాటులో పెట్టినా శుభ్రంగా ఉంది, రెండోది ఏ స్లాటులో పెట్టినా ఎర్రర్లే. కాబట్టి బోర్డుది తప్పు కాదు. ర్యామ్‌ని ఎక్కువ స్పీడుతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆఫ్ చేసి స్పీడు 3600 నుంచి 2133కి దించాను, అప్పుడూ ఎర్రర్లే. అన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. సీటీసీ షాపాయన ఫోన్‌లో "ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది మేడమ్, డైరెక్టుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి" అన్నారు. బిల్లు, డబ్బా, రెండు ర్యాములు సంచిలో పెట్టుకుని గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాను.

కంపెనీ పేరు, సెంటర్ పేరు రాయను. జరిగింది మాత్రం రాస్తాను.

ఏసీ హాలు, టోకెన్, కుర్చీల నిండా జనం. నా నంబరు వచ్చాక కౌంటర్ దగ్గర పాతికేళ్ల కుర్రాడు. సంగతంతా చెప్పి ఫోన్‌లో ఫొటోలు చూపించబోయాను. చూడలేదు. "అసెంబుల్ ఎవరు చేశారు మేడమ్?" అన్నాడు. నేనే అన్నాను. పక్క కౌంటర్ అతని వైపు చూసి నవ్వాడు. ర్యాములు లోపలికి తీసుకెళ్లి వాళ్ల బోర్డుకి పెట్టాడు. విండోస్ వచ్చింది. టాస్క్ మేనేజర్ తెరిచి, మానిటర్ నా వైపు తిప్పి, "32 జీబీ చూపిస్తోంది కదా. ర్యామ్ పర్ఫెక్ట్. యూట్యూబ్ చూసి ఇంట్లో బిగించుకుంటే ఇలాంటివే వస్తాయి" అన్నాడు. హాల్లో అందరికీ వినపడేలా అన్నాడు. ఇంతా చేస్తే పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇది వేడెక్కాకే తప్పు చేస్తుంది, కనీసం కొన్ని గంటలు మెమ్‌టెస్ట్ నడపాలి అని చెప్పాను. అప్పుడన్నాడు: "మేడమ్, మీకు చెప్పినా అర్థం కాదు. ఇంట్లో సార్ ఉంటే పంపించండి, ఆయనకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం."

నా చెవులు వేడెక్కిపోయాయి. మా ఆయన కెమెరా పనిలో సిద్ధహస్తుడు, కానీ ర్యామ్ ఏదో ఎస్‌ఎస్‌డీ ఏదో ఆయనకి ఈ రోజుకీ తెలియదు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్తారు. ఆయన్ని పంపితే అర్థమవుతుందట, ఆరో అక్షరం దాకా పట్టుకున్న నాకు అర్థం కాదట. వెనక కుర్చీలో ఒక పెద్దాయన "పోనీలేమ్మా, ఓకే అన్నారుగా, తీసుకెళ్లిపో" అన్నారు. ఇలాంటి చోట ఆడవాళ్లం గొంతు పెంచితే గయ్యాళి అంటారు, తగ్గిస్తే తెలియదంటారు. కౌంటర్ల వెనక కూర్చున్న కుర్రాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మీ ముందు నిలబడ్డ మనిషి ఆడా మగా అన్నది పక్కన పెట్టి ఆమె చేతిలో ఉన్న ఆధారం చూడండి. మీ జీతం అందుకే.

పెన్‌డ్రైవ్ తీశాను. బయటి పెన్‌డ్రైవ్ పెట్టడం రూల్ కాదన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు, ఒప్పుకున్నాను. గొంతు పెంచకుండా ఒకటే అడిగాను. "సరే బాబూ, అయితే జాబ్‌షీట్ మీద రాసి ఇవ్వు. ఏ సాఫ్ట్‌వేర్‌తో టెస్ట్ చేశారు, ఎంతసేపు చేశారు, ఫాల్ట్ లేదని ఎవరు తేల్చారు. సంతకం, స్టాంపు వేసి ఇవ్వు, వెళ్లిపోతాను."

అంతే, మాట మారింది. అలా రాసివ్వడం కుదరదన్నాడు. కుదరదనైనా రాసివ్వమన్నాను. టోకెన్లు ఆగిపోయి వెనక జనం గొణుగుతుంటే లోపల్నుంచి సీనియర్ ఒకాయన వచ్చారు. ఫొటోలు ఒక్కొక్కటిగా చూసి, "ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినా వచ్చాయామ్మా?" అని అడిగారు. ఆ సెంటర్లో నేను విన్న మొదటి తెలివైన ప్రశ్న అది. వచ్చాయి సార్, ఇదిగో 2133 మీద తీసిన ఫొటో అని చూపించాను. ఆయన మారుమాట్లాడకుండా ర్యాములు తీసుకెళ్లి మెమ్‌టెస్ట్ పెట్టించారు. ఏసీ గాలి తగలకుండా క్యాబినెట్ మూసి పెట్టమని కూడా చెప్పారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. చీకటి పడుతుండగా పిలిచి స్క్రీన్ చూపించారు. ఎర్ర గీతలు. ఆరో అక్షరం బి.

"జోడీగా అమ్మిన సెట్ కాబట్టి రెండూ మారుస్తాం" అని జాబ్‌షీట్ రాసిచ్చారు. ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. సారీ అనలేదు, తలెత్తి చూడలేదు. ఆ సీనియర్ గారికి మాత్రం చేతులెత్తి నమస్కారం పెట్టి వచ్చాను.

కొత్త సెట్ కొరియర్‌లో వచ్చింది. ఆ విషయంలో పేచీ పెట్టలేదు.

మీరు వెళ్తే బిల్లు ఒరిజినల్‌తో పాటు జిరాక్స్ కూడా పట్టుకెళ్లండి. ఇచ్చేముందు ర్యాముల మీది సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి, జాబ్‌షీట్ మీద అవే ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి. నోటిమాటతో బయటికి రాకండి, ఏం చెప్పినా రాసివ్వమనండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఫోన్‌లో సేవ్ చేసుకుని వెళ్లాను, వాడే అవసరం రాలేదు. ర్యామ్ మీద అనుమానం ఉన్నన్నాళ్లూ ఆ సిస్టమ్‌లో కాపీ చేసి ఒరిజినల్ చెరిపెయ్యడం మాత్రం అస్సలు చెయ్యకండి.

ఇప్పుడు నా ముందున్న పని ఆ వేసవిలో కాపీ చేసిన ఫొటోలన్నీ సరిచూడటం. కార్డులో ఫైలుకీ హార్డ్‌డిస్క్‌లో కాపీకీ హ్యాష్ (ఫైలు మొత్తం చదివి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోలుస్తున్నాను. కొత్తగా చేసే కాపీలకి టెరాకాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై పెట్టి చేస్తున్నాను. ఇప్పటిదాకా పాడైనవి ఒకటి తప్ప అన్నీ కార్డుల్లో దొరికాయి. ఆ ఒక్కటి తలంబ్రాల ఫొటో. ఆ కార్డు అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి వాడేశారు. వీడియోలోంచి అదే క్షణం ఫ్రేమ్ తీసి ఆల్బమ్‌లో పెట్టాను, పెళ్లికూతురి నాన్నగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంకా రెండు పెళ్లిళ్ల ఫోల్డర్లు పోల్చాలి. అవి పూర్తయ్యేదాకా ఆ కార్డులు ఇవ్వనని, షూటింగ్‌కి కొత్తవి కొనుక్కోమని మా ఆయనకి చెప్పేశాను.