బంపర్ బిగిసింది
"ఒరేయ్, ఎడమవైపు దిగింది చూడు." డెన్వర్‌లో నా గరాజ్, తెనాలి నుంచి వీడియో కాల్‌లో నాన్న. టేపు పెట్టి చూస్తే నిజమే. బోల్టు రంధ్రాలు కోలగా కోశాను కాబట్టి జాక్‌తో కాస్త ఎత్తి బిగించేశా.

నా టకోమా పికప్ ట్రక్కుకి సొంతంగా చేసిన ముందు బంపర్ ఇది. 3/16 అంగుళాల స్టీలు ప్లేటు, అంటే 5 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ముందు అట్టపెట్టెలు కోసి, ఆకారం కుదిరాకే ఇనుము జోలికి వెళ్ళా. అట్టకి కత్తెర చాలు, ప్లేటుకి గ్రైండర్‌తో కుస్తీ పట్టాలి.

వెల్డింగ్‌కి కావాల్సింది ఓపిక. ఒకే వైపు జోరుగా లాగిస్తే వేడికి ప్లేటు మెలితిరుగుతుంది. అంతటా ట్యాకులు, అంటే చిన్న చిన్న వెల్డు చుక్కలు వేసి, తర్వాత ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం.

తాడు తగిలించే షాకిల్ లగ్గుల దగ్గర మాత్రం రాజీ లేదు. పైన అతికించకుండా ప్లేటుకి గాడి కోసి లోపలికి దూర్చి, ఛాసిస్ బ్రాకెట్ దాకా తీసుకెళ్ళి రెండువైపులా వెల్డ్ చేశా. బురదలో బండిని లాగేటప్పుడు అది ఊడొస్తే తుపాకీ గుండే.

బంపర్ బరువుకి బండి ముందువైపు స్ప్రింగులు కాస్త కుంగాయి. అంటే ఇంకో ఖర్చు.

"కొనుక్కుంటే చవకయ్యేదేమో" అంది మా ఆవిడ. బిల్లులు తనకింకా చూపించలేదు.