తుంటి విరిగితే రక్తం గడ్డల భయం పడిన రోజు నుంచే

తుంటి విరిగినవాళ్లకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఆపరేషన్‌తో మొదలవదు, కింద పడ్డప్పుడే మొదలవుతుంది. గాయం వల్ల రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కాలు కదపలేక సిరల్లో రక్తప్రవాహం మందగిస్తుంది. ఆపరేషన్ ఆలస్యమయ్యేలా ఉంటే, రక్తస్రావం భయం లేనివాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ ముందే మొదలుపెట్టాలి. ‘ఆపరేషన్ అయ్యాక చూద్దాం’ అంటే రెండు మూడు రోజులు ఊరికే పోతాయి.

హెపారిన్ రకాల్లో ఎక్కువగా వాడేది ఎనోక్సాపారిన్ 40 మి.గ్రా., రోజుకొకసారి. వెన్నులో మత్తు ఇవ్వాలంటే చివరి డోసు పడి కనీసం 12 గంటలు కావాలి. లేదంటే వెన్నుపాము పక్కన రక్తం చేరి కాళ్లు పడిపోవచ్చు. డోసు సాయంత్రం వేస్తే మర్నాటి ఆపరేషన్‌కు చిక్కుండదు. ఆపరేషన్ అయ్యాక 6 నుంచి 12 గంటల్లో, గాయం నుంచి రక్తం ఆగిందని చూసుకుని మళ్లీ మొదలుపెడతారు.

కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ దగ్గరే చాలామంది పొరబడతారు. రిపోర్టులో 1.2 అంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ 85 ఏళ్లు, 40 కిలోలున్న పెద్దావిడకు లెక్కగడితే క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, నిమిషానికి 22 మి.లీ. దాటదు. 30 కంటే తగ్గితే ఎనోక్సాపారిన్ ఒంట్లో పేరుకుంటుంది. డోసు తగ్గించాలి, లేదా మామూలు హెపారిన్ 5000 యూనిట్లు 12 గంటలకోసారి ఇవ్వాలి.

ఇంటికి పంపేటప్పుడు ఇంజెక్షన్ ఆపేయడం ఇంకో పెద్ద లోపం. మొత్తం 28 నుంచి 35 రోజులు నడవాలి. ఇంట్లో వేసేవాళ్లకు చూపించి పంపండి: బొడ్డుకు 5 సెం.మీ. దూరంలో చర్మాన్ని మడతపట్టి సూది నిటారుగా గుచ్చాలి. మందంతా లోపలికి వెళ్లేదాకా మడత వదలకూడదు. పూర్తి డోసుకు నింపి వచ్చే సిరంజిలోని గాలి బుడగను తీయొద్దు, తీస్తే కొంత మందు పోతుంది. తర్వాత రుద్దితే కమిలిపోతుంది. రోజూ వైపు మార్చాలి. దీంతోపాటు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు సొంతంగా మింగకూడదు.

ఆస్పిరిన్ చాలదా అంటే, 2023లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఎముకలు విరిగినవాళ్ల మరణాల విషయంలో అది ఎనోక్సాపారిన్‌కు తీసిపోలేదు. అయితే అందులో సగటు వయసు 45 లోపే. ఎనభై దాటిన తుంటి పేషెంట్లకు దాన్ని అలాగే వర్తింపజేయడానికి నేను ఒప్పుకోను.

హెపారిన్ మొదలుపెట్టాక 5 నుంచి 14 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే హెపారిన్‌నే అనుమానించాలి. ఒక పిక్క కొత్తగా వాచినా స్కాన్ చేయించాలి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే మాత్రం ఆ క్షణమే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.