బస్సు బోర్డుకో బంగారు నాణెం

విదేశంలో పెరుగుతున్న పిల్లవాడికి ‘తెలుగు చదవడం నేర్చుకో’ అని చెబితే ఆ పనికి మొదలెక్కడో, చివరెక్కడో వాడికి కనిపించదు. బడిలో ఇచ్చే హోంవర్కుకు ఒక హద్దు ఉంటుంది, దీనికి ఉండదు. డల్లాస్‌లో మా అబ్బాయి తెలుగు వాచకం తెరిచిన కాసేపటికే మూసేసేవాడు. వాడికి తెలివి తక్కువై కాదు. ఎంత చదివితే ఈ రోజుకు చాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల.

వేసవి సెలవులకు కడప వచ్చినప్పుడు ఆ హద్దు ఏర్పాటు చేశాను. టెక్సాస్‌లో బడులు మళ్లీ ఆగస్టులో గాని తెరవరు. కడపలో వాడి మేనత్త పిల్లలు జూన్‌లోనే బడికి వెళ్లిపోతారు. పగలంతా ఖాళీగా ఉన్న పిల్లవాడి కోసం హాబిటికా యాప్‌లో ఒక జాబితా రాశాను. 2013లో హ్యాబిట్ ఆర్‌పీజీ పేరుతో మొదలైన ఈ యాప్ చేయవలసిన పనులను ఆటగా మారుస్తుంది. పని పూర్తి చేస్తే బంగారు నాణేలు వస్తాయి, ఆటలోని బొమ్మకు అనుభవం పెరుగుతుంది. నాణేలతో కత్తీ డాలూ కొనుక్కోవచ్చు. లేదా మనమే ఒక బహుమతి రాసి దానికి వెల పెట్టుకోవచ్చు. మా వాడు రాసుకున్న మొదటి బహుమతి: అబ్బతో, అంటే వాళ్ల తాతతో, కారం దోసె తినడానికి వెళ్లడం. ఖాతా నా పేరు మీదే ఉంది, టిక్కులు పెట్టేది మాత్రం వాడు.

ఈ యాప్‌లో పెద్ద పని కింద చిన్న పనుల చెక్‌లిస్టు పెట్టుకోవచ్చు. అయితే చిన్న పనికి టిక్కు పెట్టగానే నాణెం రాదు. మొత్తం పని పూర్తయిందని నొక్కినప్పుడే బహుమతి వస్తుంది. టిక్కు పడిన చిన్న పనులు ఎన్ని ఉంటే అది అంత పెరుగుతుంది. పెద్దవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు అంతసేపు ఆగలేడు. అందుకే ప్రతి చిన్న పనినీ విడి పనిగానే రాశాను, చేసిన వెంటనే నాణెం చేతికి అందేలా.

అసలు ఆలోచించవలసింది పనిని ఎక్కడ విడగొట్టాలనేది. రోజుకు పది పదాలు అని లెక్కతో విడగొడితే ప్రయోజనం లేదని నా నమ్మకం. తెలుగు లిపిలో తేలిక నుంచి కష్టానికి ఒక వరుస ముందే ఉంది. ఆ వరుస నాకు కడప బస్టాండులో దొరికింది. పల్లెవెలుగు బస్సుల ముందు ఉండే ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఒక్క మాటలో అయిపోతుంది, బస్సు కదిలేలోగా చదివెయ్యాలి. మొదట ఒత్తులు లేని ఊళ్లు: కమలాపురం, రాయచోటి, పులివెందుల, మైదుకూరు. వీటిలో గుణింతాలు చాలావరకు వచ్చేస్తాయి, మైదుకూరుతో ఐత్వం కూడా. తర్వాత ద్విత్వం: జమ్మలమడుగు. ఆపైన సంయుక్తాక్షరాలు: బద్వేలు, సిద్ధవటం. ఎర్రగుంట్లలో, ప్రొద్దుటూరులో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి వాటికి నాణేలు ఎక్కువ. ఒక్కో ఊరు ఒక్కో పని. అబ్బ చేయి పట్టుకుని ప్లాట్‌ఫారాల వెంట తిరుగుతూ వాడు చదివాడు. వాడు తప్పు చదివితే పక్కన నిలబడ్డ ప్రయాణికులే దిద్దేవారు. ఏ ఆదివారం తరగతిలోనూ అంతమంది గురువులు దొరకరు.

ఆళ్లగడ్డ మాత్రం మొండికేసింది. ఈ యాప్‌లో వాయిదా పడిన పని పసుపు నుంచి నారింజకు, ఆపైన ఎరుపుకు మారుతుంది. అలా మారే కొద్దీ దానికి వచ్చే బహుమతి కూడా పెరుగుతుంది. బెదిరించకుండా ఊరించే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఎరుపెక్కిన ఆళ్లగడ్డను వాడు చివరికి వాళ్ల జేజి, అంటే మా అమ్మ, దగ్గరికి తీసుకుపోయాడు.

“జేజీ, ఇది ళనా, లనా?”

“రెండూ ఉన్నాయి నాయనా. పైది ళ, కిందిది ల. నీళ్లు, కళ్లు, వేళ్లు అను. నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకో.”

రోజూ చేయవలసిన పనుల విభాగంలో మాత్రం తెలుగును పెట్టలేదు. అక్కడ ఒక రోజు తప్పితే ఆటలోని బొమ్మకు ప్రాణశక్తి తగ్గుతుంది. మొత్తం ఉండేదే 50 పాయింట్లు. తెలుగు చదవని రోజున పిల్లవాడికి దెబ్బ తగలడం నాకు ఇష్టం లేదు.

జేజికి ఈ నాణేల వ్యవహారం పూర్తిగా నచ్చలేదు. “తిన్న గిన్నె కడిగినా వెల కడతావా నాయనా?” అని నన్ను అడిగింది. అమెరికాలో మా పిల్లల స్నేహితులు చాలామంది ఇంటి పనికి డబ్బు తీసుకుంటారు, మావాళ్లకు అది వింత కాదు. నేను అమ్మ పక్షమే. గిన్నెలు, పక్కబట్టలు, జేజితో ఫోను మాటలు, ఇవేవీ జాబితాలో లేవు, ఇకపైనా ఉండవు. చేతకాని పనిని నేర్చుకునే కష్టానికే నాణెం. మనిషికి మనిషి చేసేదానికి నాణెం లేదు.

మా అమ్మాయి విషయంలో ఇంకా గట్టిగా ఉన్నాను. కడపలో తను పొద్దున్నే జేజితో కూర్చుని చుక్కల ముగ్గులు నేర్చుకునేది. వాటినీ జాబితాలో చేర్చి, ఒక్కో వరుసకు నాణేలివ్వమని అడిగింది. కుదరదన్నాను. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తర్వాత ఖాళీ సమయంలో తక్కువ గీశారు. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం అలా తగ్గలేదు. తెల్లవారకముందే తనంతట తను లేచి పిండి గిన్నె అందుకునే పిల్లకు నేను నాణేలు చూపించను. కారణం చెబితే అలిగింది. కానీ మర్నాడూ లేచింది.

ఇప్పుడు డల్లాస్‌కు తిరిగి వచ్చేశాం, ఇక్కడ తెలుగు బోర్డులున్న బస్టాండు లేదు. కడప నుంచి మేనత్త కొడుకు సాయంత్రాల్లో బోర్డుల ఫోటోలు తీసి పంపుతున్నాడు. ఒత్తులు లేని పేర్లను మా వాడు అడగకుండానే చదివేస్తున్నాడు కాబట్టి వాటికి నాణేలు తీసేశాను. తర్వాతి జాబితాలో నంద్యాల, ఆత్మకూరు, శ్రీకాళహస్తి ఉన్నాయి.