జీడిమెట్ల ఆరు పోర్షన్లు: పని ఎంతవరకు వచ్చింది

హైదరాబాద్‌లో జీడిమెట్ల పారిశ్రామికవాడ వెనక బస్తీలో 120 గజాల జాగా. కింద మూడు, పైన మూడు, మొత్తం ఆరు పోర్షన్లు. ఇప్పుడు వీటికి రిపేర్లు జరుగుతున్నాయి. ఒక్కో పోర్షన్ అంటే పది బై పది గది, దాని వెనక పది బై ఆరు వంటగది. అంతస్తుకో బాత్రూము, అందులోనే లెట్రిన్. కిరాయికి ఉండేవాళ్ళు చుట్టుపక్కల కంపెనీల్లో షిఫ్టు పనివాళ్ళు. శ్రీకాకుళం, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇప్పటికి పై స్లాబు, కరెంటు పూర్తయ్యాయి. బాత్రూములు సగంలో ఉన్నాయి. కింది గోడలు ఆరుతున్నాయి. రంగుల జోలికి ఇంకా పోలేదు, ఇప్పుడే పోకూడదు కూడా.

ముందు డబ్బు సంగతి. అంచనా రూ.6 లక్షలు. బాత్రూములు, పైపులు, ట్యాంకులకు 2 లక్షలు, కరెంటుకు 1.4 లక్షలు, స్లాబుకు 1.1 లక్షలు, గోడలకు 80 వేలు, మిగిలిన 70 వేలు రంగులకు, తలుపులకు. ఇదంతా కిరాయి పెంచి రాబడదామంటే కుదరదు. 4,500 ఉన్న కిరాయి 5,000 చేస్తే ఆరు పోర్షన్ల మీద ఏడాదికి 36 వేలు వస్తుంది. ఆ లెక్కన పెట్టుబడి తిరిగి రావడానికి పదహారేళ్ళు దాటుతుంది. అసలు తేడా ఖాళీ నెలల్లో ఉంది. ఒక్కో పోర్షన్ ఏడాదికి రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆరింటి మీద వచ్చేది 2,70,000. అదే ఖాళీ అర నెలకు తగ్గి, కిరాయి 5,000 అయితే 3,45,000. తేడా 75 వేలు, అంటే ఎనిమిదేళ్ళు. పనివాళ్ళు ఇల్లు మారేది గోడ రంగు చూసి కాదు. నీళ్ళు చాలకపోవడం, పొద్దున లెట్రిన్ దగ్గర క్యూ, కరెంటు బిల్లు, వానాకాలంలో కారే కప్పు, ఈ నాలుగే కారణాలు. అందుకే టైల్స్ డిజైన్లకు ఈ అంచనాలో చోటు లేదు.

పన్ను విషయం ఒక్క మాట: కిరాయి ఆదాయంలో మున్సిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం తగ్గింపు ఎలాగూ దొరుకుతుంది. రిపేర్లకు ఎంత పెట్టినా అదే 30. రిపేరు బిల్లులు వేరుగా చూపించడానికి వీల్లేదు కాబట్టి, పన్ను మిగులుతుందన్న లెక్కతో ఖర్చు పెంచుకోవద్దు.

స్లాబు

పైనుంచి కిందికి రావాలి, పని వరుస ఇదొక్కటే. పైన నీళ్ళు ఆగకముందే కింద ప్లాస్టరింగ్ చేస్తే ఆ డబ్బు మొదటి వానకే పోతుంది.

పైకప్పు దాదాపు 600 చదరపు అడుగులు. పగుళ్ళన్నీ 10 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతున ‘వి’ ఆకారంలో తెరిచి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపారు. పగులు తెరవకుండా పైన పూసేస్తే ఎండకు స్లాబు సాగి ముడుచుకున్నప్పుడు పూత అక్కడే చీలుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలల్లో మూడంగుళాల మేర సిమెంటుతో గుండ్రంగా తిప్పారు. కారే ఇళ్ళలో చాలావాటికి రోగం ఈ మూలలోనే ఉంటుంది. వాలు మీటరుకు 10 మి.మీ.; ఆరు మీటర్ల పొడవుకు 60, అంటే దాదాపు రెండున్నర అంగుళాలు. వాననీటి పైపులు రెండు పెట్టారు, ఒకటి ఆకులతో మూసుకుపోయినా రెండోది లాగుతుంది. ఆపైన రెండు పూతల మధ్య ఫైబర్ మెష్ వేసి తెల్ల వాటర్‌ప్రూఫ్ కోటింగ్. తెలుపు వల్ల వేసవిలో పై పోర్షన్లలో వేడి కూడా తగ్గుతుంది.

కారడం ఆగిందో లేదో చూడాలంటే వాననీటి పైపుల మూతి బిగించి అంగుళం ఎత్తున నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచాలి. అంటే దాదాపు 1,400 లీటర్లు, ట్యాంకర్ సంగతి ముందే చూసుకోవాలి.

కింది వైపు పెచ్చులు ఊడిన చోట సుత్తితో తట్టుతూ పోతే డొల్ల శబ్దం వచ్చేంత మేర గీతలు గీసుకోవచ్చు. ఆ భాగమంతా కొట్టేసి, ఊచల వెనక కూడా తుప్పు కనపడితే ఊచ చుట్టూ వేలు దూరేంత తెరవాలి. వైర్ బ్రష్, తర్వాత జింక్ ప్రైమర్, బాండింగ్ కోటు, అది తడిగా ఉండగానే పాలిమర్ మోర్టార్. ఒక్కో పొర 10 నుంచి 12 మి.మీ. మించకూడదు, మందంగా వేస్తే బరువుకు జారిపోతుంది. 8 మి.మీ. ఊచ కొలిస్తే 7 కంటే తక్కువ వచ్చిందంటే ఉక్కులో ఐదో వంతుకు పైగా పోయినట్టు. అక్కడ మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి. ఇక్కడ మెట్ల పక్కన ఒక్క చోటే అలా వచ్చింది, పక్కన కొత్త ఊచ వేశారు. పెచ్చుల మీద పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) పూసి దాచేసే పని మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

ఇంకో చిక్కు, కూల్చే పనికి టైము. రాత్రి షిఫ్టు వాళ్ళు పగలే పడుకుంటారు. బ్రేకర్ మెషిన్ పని మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా పెట్టుకుంటే గొడవ తక్కువ.

కింది గోడలు

కింది మూడు పోర్షన్లలో మూడడుగుల ఎత్తుదాకా ఉప్పు తేలింది. కారణం గోడలో కంటే వీధిలో ఉంది. బస్తీలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వరు, దాని మీదే వేస్తారు. రోడ్డు పెరిగి పెరిగి ఇంటి అరుగు మట్టిలోకి పోయింది. ముందు గోడ వెంట అడుగు వెడల్పున తవ్వి, లోపలి నేలమట్టానికి ఆరంగుళాల కిందికి మట్టి దించి, కాంక్రీటు కాలువ కట్టి వాలు ఇచ్చారు. ఇది చేయకుండా లోపల ఏ కెమికల్ పూసినా ఏడాది కూడా నిలవదు.

చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో అనుమానంగా ఉంటే గోడకు అడుగు బై అడుగు పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. నీటి చుక్కలు గోడవైపు ఉంటే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు; గదివైపు ఉంటే గాలిలోది, అంటే కిటికీ సమస్య. ఎండాకాలంలో కూడా ఆరని మచ్చ ఉంటే పైపు లీకు.

పాత ప్లాస్టరింగ్ నాలుగడుగుల ఎత్తుదాకా, ఉప్పు గీతకు ఒక అడుగు పైకి, కొట్టేశారు. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది. తొమ్మిదంగుళాల గోడ లోపలిదాకా ఆరాలంటే అంగుళానికి నెల చొప్పున పడుతుందని పాత లెక్క. అంత కాలం ఎవరూ ఆగలేరు కానీ ఒక ఎండాకాలమైనా దాటనిస్తే మేలు. కొత్త ప్లాస్టరింగ్ సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు, జల్లించిన ప్లాస్టరింగ్ రోబో ఇసుకతో, బస్తా సిమెంటుకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫ్ ద్రవం, వారం రోజులు తడపడం. కింది మూడడుగులకు లప్పం (పుట్టీ) పెట్టడం లేదు, అది పొరలు పొరలుగా లేస్తుంది. సున్నమే వేస్తారు. చెమ్మ కనపడకుండా టైల్స్ అంటిద్దామన్న సలహా చాలామంది ఇస్తారు. టైల్ వెనక చెమ్మకు దారి మూసుకుపోయి అది మూడడుగుల నుంచి ఐదడుగులకు ఎక్కుతుంది.

కరెంటు

అన్నిటికంటే లాభం ఇచ్చిన పని ఇదే. ముందు ఇంటికంతా ఒకటే మీటరు, లోపల సబ్‌మీటర్లు. ఒక్కో పోర్షన్ నెలకు 90 యూనిట్లు కాలిస్తే మెయిన్ మీటరు మీద 540. తెలంగాణలో 2022లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం 200 దాటిన మీటరుకు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, తర్వాతి వంద 7.70, ఆపై వంద 9, ఆ మిగతావి 9.50. మొత్తం 4,020. అదే ఆరు వేర్వేరు మీటర్లైతే ఒక్కోదానికి తొలి 50 యూనిట్లు 1.95 చొప్పున, మిగతా 40 యూనిట్లు 3.10 చొప్పున, 221 రూపాయల 50 పైసలు, ఆరింటికి 1,329. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు కలిపినా తేడా పెద్దదే. ఇన్నాళ్ళూ ఆ తేడా కట్టింది కిరాయిదార్లు.

పైగా గృహజ్యోతి ఉంది. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు, కిరాయికి ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. కానీ కార్డుకు ఒకటే సర్వీసు నంబరు. ఒకే మీటరు ఉన్న ఇంట్లో ఆరు కుటుంబాలకు కార్డులున్నా ఉపయోగం ఉండదు. వేరే రాష్ట్రం కార్డు ఉన్నవాళ్ళకు ఈ పథకం రాదు, వాళ్ళకు యూనిట్ రేటులో తేడా ఒక్కటే మిగులుతుంది.

ఏడో మీటరు కూడా తీసుకోవాలి, మోటారుకూ మెట్ల లైటుకూ. ఒక హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. రోజుకు రెండు గంటలంటే నెలకు 60 యూనిట్లు, అది ఎవరి మీటరు మీద పడినా తగాదా.

ఒక్కో పోర్షన్‌కు మీటరు నుంచి 4 చ.మి.మీ. వైరు, చిన్న డీబీ (స్విచ్చుల పెట్టె), కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, లైట్లు ఫ్యాన్లకు 1.5 చ.మి.మీ. వైరు మీద, లోడు మించితే పడిపోయే 6 యాంపియర్ల ఎంసీబీ, ప్లగ్గులకు 2.5 చ.మి.మీ. మీద 16 యాంపియర్లది. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 8.7 యాంపియర్లు లాగుతుంది, 1,500 వాట్ల నీళ్ళు కాచే రాడ్ 6.5. రెండూ కలిపి 15.2, ఎంసీబీ తట్టుకుంటుంది. ఇస్త్రీపెట్టె కూడా పెడితే పడిపోతుంది, పడాలి కూడా. దానికి 32 యాంపియర్ల ఎంసీబీ మార్చి పోయే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అప్పుడు ఎంసీబీ బదులు గోడలో వైరు కాలుతుంది.

ఆర్‌సీసీబీలు పెట్టిన వెంటనే మూడు పోర్షన్లలో ఊరికే పడిపోయాయి. పాత వైరింగ్‌లో ఒక పోర్షన్ ఫేజు (కరెంటు తెచ్చే వైరు), పక్క పోర్షన్ న్యూట్రల్ (కరెంటు వెనక్కి వెళ్ళే వైరు) వాడుకుంటుంటే ఇలా జరుగుతుంది. ఫేజులో వెళ్ళిన కరెంటు అదే దారిలో వెనక్కి రాలేదు కాబట్టి ఆర్‌సీసీబీ దాన్ని లీకుగానే లెక్కిస్తుంది. మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు విప్పి, ఒక్కో న్యూట్రల్‌కూ పక్క పోర్షన్ల న్యూట్రల్‌కూ మధ్య మల్టీమీటరుతో కలుపు చూడాలి. బీప్ వచ్చిందంటే ఎక్కడో జంక్షన్ పెట్టెలో ముడి ఉంది. దొరక్కపోతే కొత్త న్యూట్రల్ లాగడమే మంచిది. “ఆర్‌సీసీబీ పాడైంది, తీసేద్దాం” అనేవాడి మాట వినకండి.

ఎర్తింగ్‌కు 40 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుప) పైపు, రెండున్నర మీటర్ల లోతు, చుట్టూ బొగ్గు, ఉప్పు. కిటికీ పక్కన మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి. వేసవిలో రేకు కూలర్ అక్కడే పెడతారు, ఎర్తు లేని కూలరు ప్రాణాలు తీస్తుంది.

బాత్రూములు, నీళ్ళు

ఆరింటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళందరికీ ఐదున్నరకే లెట్రిన్ కావాలి. బాత్రూము, లెట్రిన్ ఒకే తలుపు వెనక ఉంటే స్నానం చేసే మనిషి లెట్రిన్‌ను కూడా ఆపేస్తాడు. కొత్త గది కట్టకుండా మధ్యలో నాలుగంగుళాల గోడ లేపి రెండు తలుపులు పెడితే క్యూ సగానికి తగ్గుతుంది. కింద ఈ పని అయింది, పైన గోడ లేచింది, తలుపులు రావాలి. చౌకట్లు గ్రానైటువి, రెక్కలు పీవీసీవి. చెక్క చౌకటి అడుగు రెండేళ్ళలో కుళ్ళుతుంది.

లెట్రిన్ పైపు 110 మి.మీ., వాలు పదడుగులకు రెండు నుంచి మూడంగుళాలు. తక్కువైతే ఎలాగూ ఆగుతుంది. మరీ ఎక్కువైనా నీళ్ళు ముందు పారిపోయి మలం మిగులుతుంది. మలుపు ఉన్న ప్రతి చోటా చాంబర్. వంటగది నీళ్ళు వేరే పైపులో గల్లీ ట్రాప్‌కు (బయటి జాలీ గుంటకు) పోవాలి. గంజి, నూనె కలిసి గడ్డకట్టేది ఆ లైనులోనే, అది లెట్రిన్ లైనుకు కలిస్తే ఇల్లంతా ఆగుతుంది. టైల్స్ వేసే ముందు నేల మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ) మూసి, ఒక రోజు నీళ్ళు నిలబెట్టి కింద పోర్షన్ కప్పు చూడాలి. పై బాత్రూములో మొదటిసారి ట్రాప్ మెడ చుట్టూ తడి కనపడింది. పైపుకూ కాంక్రీటుకూ మధ్య సందు ఎప్పుడూ అక్కడే వదులుతారు. ముడుచుకోని గ్రౌటుతో నింపి మళ్ళీ నీళ్ళు కట్టారు, ఆగింది. వసారాకు తాండూరు బండలు, వంటగట్టుకు కడప బండ. పగిలితే ఒక్క బండ మార్చుకోవచ్చు.

మనిషికి 70 లీటర్ల చొప్పున 24 మందికి రోజుకు 1,680. వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు, కింది అంతస్తుకు ఒకటి, పైదానికి ఒకటి, లైన్లు వేరు. ఒక కొళాయి కారినా ఒక ట్యాంకే ఖాళీ అవుతుంది. నిండిన ట్యాంకు టన్ను బరువు, కాబట్టి స్లాబు మధ్యలో కాకుండా గోడ మీద, బీము మీద కూర్చోబెట్టారు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కనుక సంపు కనీసం 3,360 లీటర్లు పట్టాలి, పాతది 3,000. పక్కకు పెంచే చోటు లేదు, లోతు పెంచితే పునాది దగ్గర పడుతుంది. ఇది ఇంకా తేలలేదు.

మిగిలినవి: పై బాత్రూము తలుపులు రెండు, వంటగది తలుపుల అడుగున గాలి సందు (గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి పైన వెంటిలేటర్ ఉన్నా కింద దారి కావాలి), ఒక వానాకాలం చూశాక రంగులు. అగ్రిమెంట్లు పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొత్త అగ్రిమెంట్లలో సర్వీసు నంబరు, చేరిన రోజు మీటరు రీడింగు కూడా రాయాలి.