నేను రాసిన దొంగ లెక్క

2014 అసెంబ్లీ ఎన్నికల్లో ఒక అభ్యర్థి ఖర్చుల లెక్క నేను రాశాను. ఆయన పేరు చెప్పను, నియోజకవర్గమూ చెప్పను. అప్పట్లో నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంటెంటుని. అభ్యర్థి మా సార్ క్లయింటు. "నెల రోజుల పని. నీ చేతిరాత బాగుంటుంది, వెళ్లు" అని సార్ నన్ను పంపించారు. పదేళ్లు దాటిపోయాయి. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పోటీ చేసే ప్రతి ఒక్కరికీ ఎన్నికల సంఘం ఒక రిజిస్టరు ఇస్తుంది. అందులో మూడు భాగాలు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. నామినేషన్‌కి కనీసం ఒక రోజు ముందే ఎన్నికల ఖర్చుకంటూ విడిగా ఖాతా తెరవాలి. ప్రచారం సాగుతుండగా కనీసం మూడుసార్లు ఆ రిజిస్టరు పట్టుకెళ్లి తనిఖీ చేయించుకోవాలి. ఫలితం వచ్చాక 30 రోజుల్లో మొత్తం లెక్క, ఇదంతా నిజమేనని ప్రమాణం చేసిన అఫిడవిట్‌తో సహా, జిల్లా ఎన్నికల అధికారికి అందజేయాలి. ఆ ఏడాది మా అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 28 లక్షలు. మొదటి రోజు ఆ రిజిస్టరు చేతికి రాగానే నాకు నిజంగా గౌరవం కలిగింది. లెక్కలు తెలిసినవాళ్లెవరో బాగా ఆలోచించి తయారు చేశారు అనుకున్నాను.

అభ్యర్థి ఇంటి మేడ మీద నాకు ఒక టేబుల్ వేశారు. పక్క గదిలో ఆయన బావమరిది కూర్చునేవాడు. ఆ బావమరిది దగ్గర ఎర్ర అట్ట వేసిన పొడుగు పుస్తకం ఉండేది. అసలు లెక్క అందులో. దాన్ని వాళ్లు చిట్టా అనేవాళ్లు. నాది ఆఫీసు పుస్తకం.

రోజూ పొద్దున్నే బావమరిది వచ్చి, నిన్నటి సభకి ఎంత రాయాలో చెప్పేవాడు. ఒక రోజు "కుర్చీలు మూడొందలు వేసుకో" అన్నాడు. ముందు రోజు సాయంత్రం ఆ సభకి నేనూ వెళ్లాను. మైదానం నిండా కుర్చీలే, రెండు వేలకి తక్కువ ఉండవు. "అన్నా, ఇంకా ఎక్కువే ఉన్నాయి కదా" అన్నాను. "బిల్లు ఎంతకుంటే అంతే రాయాలి కదా నువ్వు?" అని బిల్లు నా ముందు పెట్టాడు. మూడొందల కుర్చీలకి బిల్లు, సంతకం, స్టాంపు. టెంటు అతను ఎంత రాయమంటే అంత రాసిచ్చాడు, మిగతా డబ్బు చేతికి తీసుకున్నాడు. నా పుస్తకంలో వోచర్ ఉంది, అంకె దానికి సరిపోయింది. ఆడిట్ భాషలో అది సరైన పద్దు. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టి పీడించింది.

బండ్లదీ అదే కథ. పర్మిషన్ తీసుకున్నవి ఆరు, తిరిగేవి ముప్పైకి పైనే. అధికారులు తమ వైపు నుంచి షాడో రిజిస్టరు ఒకటి, అంటే అభ్యర్థి ఖర్చుకి తాము విడిగా కట్టే లెక్క, రాస్తారు, వీడియో టీమ్‌లు పెద్ద సభలన్నీ తీస్తాయి. అందుకని వాళ్ల కంట పడినవి మాత్రం తప్పకుండా రాసేవాళ్లం, మిగిలినవి వదిలేసేవాళ్లం.

పోలింగ్‌కి రెండు రోజుల ముందు రాత్రి బావమరిది నన్ను లేపాడు. చిట్టాలో ఒక పేజీ తెరిచి, "కూడిక తేలట్లేదు, ఒకసారి చూడు" అన్నాడు. బూత్ నంబరు, ఇళ్లు, ఓట్లు, ఎదురుగా డబ్బు. గది మూల చేతిసంచులు వరుసగా ఉన్నాయి, ఒక్కోదానికి బూత్ నంబరు రాసిన చీటీ పిన్ను పెట్టి ఉంది. నేను కూర్చుని కూడిక వేశాను. ఎక్కడ తప్పిందో పట్టుకుని సరిచేసి ఇచ్చాను. ఆ ఒక్క పేజీ మొత్తం నా రిజిస్టరు మొత్తానికి పది రెట్లకి పైనే ఉంది. చూసి భయపడ్డాను, కానీ లేచి వెళ్లిపోలేదు. ఇది నేను చేసిన తప్పు. ఉద్యోగం పోతుందని, సార్‌కి మాట వస్తుందని ఎన్ని కారణాలు చెప్పుకున్నా ఆ కూడిక చేసింది నేనే.

ఓటర్లు తీసుకోబట్టే కదా వాళ్లిస్తున్నారు అంటారు చాలామంది. తీసుకోవడం తప్పే. కానీ ఆ పేజీ చూసినవాడిగా చెబుతున్నాను, ఓటరు దాకా వెళ్లేది చివరి మెట్టు. అంతకు ముందే ఆ డబ్బు పెట్టినవాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు ఎర్ర అట్ట పుస్తకం వెనక పేజీల్లో ఉండేవి. కాంట్రాక్టర్లు, వ్యాపారస్తులు. ఎవరెంత ఇచ్చారో తేదీతో సహా రాసి ఉండేది. ఎమ్మెల్యే అయ్యాక ఆయన మొదట జవాబు చెప్పుకోవాల్సింది ఆ పేజీకే.

ఆ ఎన్నికల్లోనే ఇంకొకాయన ఉన్నారు, స్వతంత్ర అభ్యర్థి, రిటైర్డ్ టీచరు. తనిఖీ రోజు కలెక్టరేట్‌లో మా పక్క కుర్చీలో కూర్చున్నారు. రిజిస్టరు ఆయనే స్వయంగా రాసుకున్నారు, బిల్లుల కట్టకి రబ్బరు బ్యాండు వేసి పట్టుకొచ్చారు. మా రిజిస్టరు పావుగంటలో అయిపోయింది, అన్నీ టాలీ. ఆయన్ని మాత్రం గంటకి పైగా కూర్చోబెట్టారు. కరపత్రాల బిల్లు ఒకటి ఎక్కడో పోగొట్టుకున్నారట. పద్దెనిమిది వందల రూపాయలు. "ఖర్చు పెట్టాను సార్, అందుకే రాశాను. బిల్లు దొరకలేదు" అని మళ్లీ మళ్లీ చెబుతున్నారు. ఆయన మెడ మీద చెమట నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అక్కడి ఉద్యోగులదీ తప్పనలేను, వాళ్ల పని కాగితం చూడటం. ఆయనకి డిపాజిట్ దక్కలేదు. మావాడు గెలిచాడు.

అఫిడవిట్ మీద గెలిచినాయన సంతకం పెట్టేటప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. చదవలేదు. చూపించిన చోట పెట్టేశాడు. నాయకులు అధికారంలోకి వచ్చాక చెడిపోతారని అందరం అనుకుంటాం. నేను చూసింది వేరు. ప్రజాప్రతినిధిగా పెట్టిన తొలి సంతకాల్లో అది ఒకటి, అదే అబద్ధం. ఆ తర్వాత ఐదేళ్లలో చెప్పినవన్నీ దాని కొనసాగింపే.

ఈ సంగతి బయటికి చెప్పినవాళ్లు లేకపోలేదు. 2013 జూన్‌లో బీజేపీ నాయకుడు గోపీనాథ్ ముండే, 2009 లోక్‌సభ ఎన్నికల్లో తనకి 8 కోట్లు ఖర్చయిందని ముంబైలో ఒక సభలో అన్నారు. అప్పటి పరిమితి 25 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. ఆయన ఎంపీగానే కొనసాగారు, మరుసటి ఏడాది మళ్లీ గెలిచి కేంద్ర మంత్రి అయ్యారు. ఇంకోపక్క 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమలేశ్ యాదవ్ మీద మూడేళ్ల అనర్హత వేటు పడింది. డబ్బిచ్చి పత్రికల్లో వేయించుకున్న వార్తల ఖర్చు లెక్కలో చూపలేదని. అలాంటి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లెక్కలే ఇవ్వని చిన్న అభ్యర్థుల మీద మాత్రం అనర్హత మామూలుగా పడుతూనే ఉంటుంది.

చట్టంలోనే సందులున్నాయి. అభ్యర్థి తరఫున పార్టీ పెట్టే ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే రావాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ప్రభుత్వం చట్టం మార్చి ఆ తీర్పుని పనికిరాకుండా చేసింది. ఆ సందు 2003లో కొంత పూడ్చారు. కానీ పార్టీ మొత్తంగా ఎంత ఖర్చు పెట్టాలన్న దానికి ఈ రోజుకీ పరిమితి లేదు. పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థికి అసెంబ్లీకైతే 40 లక్షలు, లోక్‌సభకైతే 95 లక్షలు అని 2022లో పెంచారు, పార్టీకి మాత్రం గీత గీయలేదు.

2024 మార్చిలో నేను రెండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నాను. ఎన్నికల బాండ్లంటే పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇవ్వడానికి స్టేట్ బ్యాంకు అమ్మిన పత్రాలు. అవి చెల్లవని, ఎవరు కొన్నారో ఏ పార్టీ తీసుకుందో బయటపెట్టాలని ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. కొన్నవాళ్ల వివరాలు ఒకచోట, తీసుకున్న పార్టీల వివరాలు ఇంకోచోట ఉన్నాయి, రెండూ కలపడానికి టైమ్ పడుతుందని కారణం చెప్పింది. బాండ్లు 22,217. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న జాబితాలు ఎన్నికల సంఘం సైటులోకి వచ్చాయి. వెంటనే డౌన్‌లోడ్ చేశాను. వందల పేజీలు. ఒకదాంట్లో ఎవరు కొన్నారు, ఇంకోదాంట్లో ఏ పార్టీ తీసుకుంది. మధ్యలో కలిపే నంబరు లేదు. డెబిట్ ఒక పుస్తకంలో, క్రెడిట్ ఇంకో పుస్తకంలో ఉండి, వోచర్ నంబరు చించేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మా ఆఫీసులో ట్రైనీ కుర్రాడు అలాంటి లెక్క తెస్తే సార్ పుస్తకం విసిరికొట్టేవారు.

నాకు వెంటనే ఎర్ర అట్ట పుస్తకం గుర్తొచ్చింది. ఎవరెంత ఇచ్చారో ఇచ్చినవాళ్లకి తెలుసు, తీసుకున్నవాళ్లకి తెలుసు. తెలియనిది మనకి మాత్రమే. అంతకు ముందు కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకి ఇవ్వకూడదనే నియమం ఉండేది. 2017లో అది కూడా తీసేశారు, 2024 తీర్పు వచ్చేదాకా లాభమే లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వగలిగేది. బాండు మీద మామూలు కంటికి కనపడని నంబరు ఉంటుందని, అతినీలలోహిత కాంతిలో బయటపడుతుందని పూనమ్ అగర్వాల్ అనే జర్నలిస్టు 2018లోనే ల్యాబులో పరీక్ష చేయించి రాశారు. చివరికి కోర్టు గట్టిగా అడిగాక, మార్చి 21న నంబర్లతో సహా వచ్చేశాయి. జూన్ దాకా పడుతుందన్న పని మార్చిలోనే అయిపోయింది. అన్నిటికంటే ఎక్కువ బాండ్లు కొన్నది లాటరీ వ్యాపారం చేసే కంపెనీ, 1,368 కోట్లు. అన్నిటికంటే ఎక్కువ తీసుకున్నది కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీ. రాష్ట్రాల్లో పాలిస్తున్న పార్టీలకీ భారీగానే అందాయి.

అదే మార్చి 4న ఇంకో తీర్పు వచ్చింది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. 1993లో కేంద్ర ప్రభుత్వం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానాన్ని ఓడించడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు, ఇంకొందరు డబ్బు తీసుకున్నారన్న కేసులో, సభలో వేసిన ఓటు మీద కేసు పెట్టకూడదని 1998లో సుప్రీంకోర్టు అంది. డబ్బు తీసుకుని ఓటేసినవాళ్లకి రక్షణ దొరికింది, అదే కేసులో ఉండి ఓటు వేయని ఎంపీ అజిత్ సింగ్‌కి దొరకలేదు. అంటే ఇచ్చిన డబ్బుకి పని చేసిపెట్టినవాళ్లే బయటపడ్డారు. ఏడుగురు జడ్జీలు దాన్ని కొట్టేయడానికి 2024 రావాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్లు.

ఆ బాండ్ల జాబితాలు చూస్తున్న రాత్రే, రెండింటికో ఎప్పుడో, మా రాష్ట్ర ఎన్నికల అధికారి సైటులో పాత ఎన్నికల ఖర్చుల లెక్కలు వెతికాను. అభ్యర్థుల రిజిస్టర్లు స్కాన్ చేసి పెడతారని తెలుసు, ఎప్పుడూ తెరిచి చూడలేదు. దొరికింది. తెల్ల పేజీ, నా చేతిరాత, గుండ్రంగా. కుర్చీలు 300. కింద గెలిచినాయన సంతకం.

ఆ ఫైలు మూసేసి, అదే వరుసలో కిందకి వెళితే టీచరు గారి ఫైలు కనిపించింది. తెరిచాను. సొంత స్కూటర్ పెట్రోలు, లీటర్లతో సహా రాశారు. కరపత్రాలు పద్దెనిమిది వందలు, పక్కన సన్నటి అక్షరాలతో "బిల్లు పోయినది". ఆ పద్దు కొట్టేయకుండా అలాగే ఉంచారు.