తెలుగు వాక్యంలో క్రియ చివరికి ఎలా చేరుతుంది: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని భాషాశాస్త్రంలో నెట్ పరీక్షకు చదువుతున్న రోజుల్లో, మిగతా పాఠాలన్నిటికంటే నన్ను ఎక్కువగా నిలబెట్టేసింది ఉత్పాదక వ్యాకరణంలోని (వాక్యాలు ఏ నియమాలతో ఏర్పడతాయో వివరించే, నోమ్ చామ్‌స్కీ మొదలుపెట్టిన సిద్ధాంతం) ఒక ప్రశ్న. వాక్యనిర్మాణ వృక్షంలో, అంటే ఏ పదం దేనితో కలిసి పదబంధమవుతుందో చూపే కొమ్మల పటంలో, ఉండేది పైకిందుల సంబంధం, నోట పలికే మాటలో ఉండేది ముందువెనకల వరుస. మరి మొదటిది రెండోదిగా ఎలా మారుతుంది?

1980లలో దీనికి చెప్పిన జవాబు సులభమైనది: కొన్ని భాషల్లో శీర్షపదం (పదబంధంలో ప్రధానమైన పదం; క్రియాపదబంధంలో క్రియ) ముందుంటుంది, కొన్నింటిలో చివర ఉంటుంది. మన తెలుగు రెండో రకం. 1994లో భాషాశాస్త్రవేత్త రిచర్డ్ కేన్ ఈ విభజననే కాదన్నారు. వృక్షంలో ఒక పదం తన పక్క కొమ్మనూ, దాని లోపల ఉన్నవాటన్నిటినీ ‘సి-కమాండ్’ చేస్తుందంటారు; అవి తిరిగి దాన్ని చేయకపోతే అది ఏకపక్షం. వృక్షంలో ఏకపక్షంగా సి-కమాండ్ చేసే పదమే ఉచ్చారణలో ముందు రావాలని, అది అన్ని భాషలకూ ఒకటే నియమమని ఆయన ప్రతిపాదన.

దీన్ని ‘సీత గుంటూరు మిరపకాయలు కొన్నది’ అనే వాక్యానికి వర్తింపజేసి చూశాను. కర్మపదబంధం లోపలి ‘గుంటూరు’, ‘మిరపకాయలు’ రెండింటినీ క్రియ ఏకపక్షంగా సి-కమాండ్ చేస్తుంది కనుక, నియమం ప్రకారం ‘కొన్నది’ ముందు రావాలి. అలా రాలేదంటే కర్మ మొత్తం క్రియను దాటి పైకి జరిగిందని ఒప్పుకోవాలి. అక్కడితో ఆగదు. ‘సీత మిరపకాయలు కొన్నదని రవి చెప్పాడు’ అన్నప్పుడు ఉపవాక్యమంతా ‘అని’ని దాటాలి, ‘అని’తో సహా అదంతా మళ్లీ ‘చెప్పాడు’ను దాటాలి. కాగితం నిండా బాణాలు గీయవచ్చు. వాటిలో ఒక్కొక్క కదలికకూ కారణం చూపడమే అసలు కష్టం.

1995లో చామ్‌స్కీ వరుసను వృక్షం నుంచి తప్పించి, ఉచ్చారణ దశకు అప్పగించారు. ఈ అభిప్రాయానికి దగ్గరగా నన్ను తెచ్చిన వాక్యం ‘ప్రతి విద్యార్థీ తన పుస్తకం తెచ్చుకున్నాడు’. దీన్ని ‘తన పుస్తకం ప్రతి విద్యార్థీ తెచ్చుకున్నాడు’ అని తిప్పి చెప్పినా, ఎవరి పుస్తకం వారే తెచ్చుకున్నారన్న అర్థం చెక్కుచెదరదు. ‘తన’ ముందు వచ్చినా దాని అన్వయాన్ని నిర్ణయిస్తున్నది వరుస కాదు, వృక్షంలోని స్థానమే. కర్మ తన తొలి స్థానంలోనే అన్వయం పొందుతుందని చెప్పి కేన్ పద్ధతిలోనూ దీన్ని సమర్థించవచ్చు; కాని తెలుగుకు అన్నేసి కదలికలు అవసరమని నాకు అనిపించలేదు.

అయినా కేన్‌ను పక్కన పెట్టలేకపోతున్నాను. ప్రశ్నార్థక పదాలు తమ చోటు వదిలి జరిగే భాషల్లో అవి దాదాపు ఎప్పుడూ వాక్యం మొదటికే ఎందుకు జరుగుతాయి, చివరికి ఎందుకు జరగవు అన్నదానికి ఆయన నియమంలో, పైకి జరిగినది ముందే రావాలి కనుక, సమాధానం దానంతటదే వస్తుంది. శీర్షం ఏ పక్కనైనా ఉండవచ్చనే వాదం దాన్ని విడిగా చెప్పుకోవలసి వస్తుంది.