సూచిక దీపాల వెలుగు తగ్గింపు: ఇప్పటివరకు సాగిన పని

పడకగదిలో దీపాలన్నీ ఆర్పి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఆగి, ఏ పరికరం సూచిక దీపం (అది పనిచేస్తోందని తెలిపే చిన్న దీపం) ఎంత వెలుగు చిమ్ముతోందో ముందుగా పరిశీలించాను. అన్నిటికంటే ఎక్కువ చికాకు కలిగించినవి నీలి ఎల్‌ఈడీలు. చీకట్లో మన చూపును నడిపించే రాడ్ కణాలు సుమారు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర బాగా స్పందిస్తాయి. నీలి ఎల్‌ఈడీ కాంతి దానికి చేరువగా 470 ప్రాంతంలో ఉంటే, 620 దాటిన ఎరుపు కాంతిని ఆ కణాలు దాదాపు పట్టించుకోవు. అందుచేత ఎరుపు దీపాల జోలికి పోలేదు.

రౌటర్‌కు ఏమీ అంటించవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే దాని సెట్టింగుల పేజీలోనే దీపాలను ఆపే వీలుంది. టేపు కోసం వెతికే ముందు సెట్టింగులు చూడడం మంచిది.

నల్లని ఇన్సులేషన్ టేపు వెలుగును పూర్తిగా ఆపేస్తుంది గానీ, ఛార్జర్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే కొంత వెలుగు మిగలాలి. అందుకని పారదర్శక టేపును స్టిక్కర్ల వెనుక ఉండే నున్నటి కాగితంపై అతికించి, నల్ల మార్కర్ పూసి, ఆరిన తర్వాత ఫైళ్లకు రంధ్రాలు వేసే పంచ్‌తో కత్తిరించాను. సుమారు 6 మిల్లీమీటర్ల బిళ్లలు అంచులు చెదరకుండా వచ్చాయి. ఒక పొర వెలుగును సగానికి తగ్గించినా కంటికి పెద్ద తేడా తెలియదు; మూడు పొరలతో ఎనిమిదో వంతుకు దిగినప్పుడే హాయిగా అనిపించింది. టీవీలో రిమోట్ సంకేతాన్ని అందుకునే కిటికీ సాధారణంగా దీపం పక్కనే ఉంటుంది కనుక, బిళ్ల దానిమీదికి జరగకుండా చూసుకోవాలి. గాలి రంధ్రాలను మూయకూడదు, పొగ హెచ్చరిక పరికరం దీపాన్ని అసలే కప్పకూడదు.

యూఎస్‌బీతో నడిచే స్పీకర్‌ను మాత్రం విప్పాను. 5 వోల్టుల సరఫరాలో నీలి ఎల్‌ఈడీ దాదాపు 3 వోల్టులు తీసుకుంటే, విద్యుత్ ప్రవాహాన్ని అదుపు చేసే 330 ఓమ్‌ల రెసిస్టర్ గుండా 6 మిల్లీఆంపియర్లు పారుతున్నాయి. దాని స్థానంలో 10 కిలో ఓమ్‌లది టంకం పెట్టాను, విద్యుత్తు 0.2 మిల్లీఆంపియర్ల దరిదాపుకు దిగినా దీపం స్పష్టంగానే కనిపిస్తోంది, తయారీదారులు అంత వెలుగు ఎందుకు పెడతారో అర్థం కాదు. గోడ ప్లగ్గుతో నడిచే పరికరాల్లో, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కాబట్టి వాటిని విప్పే ఆలోచన లేదు.

ఇక మిగిలింది మానిటర్. నిద్రావస్థలో మిణుకుమిణుకుమనే దాని దీపం పలుచని ప్లాస్టిక్ చట్రం గుండా పక్కలకు కూడా వెలుగును వదులుతోంది కాబట్టి, బిళ్లకు బదులు అంచు పొడవునా పెట్టే పట్టీని కత్తిరిస్తున్నాను.